కవరులో వచ్చిన బ్రిటిష్ హాస్యం

డీవీడీని ఇంటికి తెప్పించుకుని, చూసి, తిరిగి పంపేసి, ఇంకొకటి తెప్పించుకునే పద్ధతి ఒకటి ఉండేది. అమెరికాలో దాన్ని పెద్ద వ్యాపారంగా పెంచిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29న చివరి డిస్కులు పంపి ఆ విభాగాన్ని మూసేసింది. మన దేశంలో అది అంతకు చాలా ముందే ఆగిపోయింది. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో నడిచింది కొద్ది ఏళ్లే. అయినా అది ఎలా పనిచేసిందో తెలుసుకోవడం అవసరం. కొద్దిమందికే నచ్చే కళ ఆ కొద్దిమందికి ఎలా చేరాలి అనే ప్రశ్న ఇప్పటికీ ఉంది. దానికి ఇంతవరకు దొరికిన జవాబుల్లో ఇదే మెరుగైనదని నా అభిప్రాయం. బ్రిటిష్ టెలివిజన్ హాస్యాన్ని, సైనిక్‌పురిని ఉదాహరణగా తీసుకుని ఆ జవాబును చూద్దాం.

సైనిక్‌పురి సికింద్రాబాదుకు ఈశాన్యాన ఉంది. రక్షణ దళాల్లో పనిచేసి రిటైరైనవాళ్ల కోసం ఏర్పడిన కాలనీ. ఒక పక్క తిరుమలగిరి కంటోన్మెంటు. ఇంకో పక్క ఈసీఐఎల్, ఆ సంస్థను నిలబెట్టిన ఎ.ఎస్.రావు పేరు మీద వెలిసిన నగర్. ఇక్కడ ఇల్లు కట్టుకున్న కుటుంబాలు అంతకుముందు దేశంలో నాలుగు మూలలా పోస్టింగుల్లో తిరిగినవి. ఇంట్లో ఎవరి భాష వారిది. మెస్సులో, పిల్లల బడిలో ఇంగ్లీషు. ఇలాంటి ఇళ్లలో బ్రిటిష్ హాస్యానికి ప్రేక్షకులు ఉండటం సహజం. కానీ ఎంతమంది ఉంటారు? ఒక కాలనీలో ఇద్దరు, ముగ్గురు. ఈ చిన్న అంకె చుట్టూనే మన విషయమంతా తిరుగుతుంది.

మన దేశంలో చాలామందికి ఈ హాస్యం నేరుగా పరిచయం కాలేదు. హిందీ వేషంలో వచ్చింది. లండన్‌లో విదేశీయులకు ఇంగ్లీషు నేర్పే తరగతి మీద 1977లో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్' 1993లో దూరదర్శన్‌లో పంకజ్ కపూర్‌తో 'జబాన్ సంభాల్‌కే' అయింది. 'ఎస్ మినిస్టర్' 2001లో స్టార్ ప్లస్‌లో ఫారూఖ్ షేక్‌తో 'జీ మంత్రీజీ' అయింది. మూలం కూడా చూడాలని ఎవరికైనా అనిపిస్తే దారి అంత సులువుగా లేదు.

ముందు ఆ హాస్యం ఏమిటో చూద్దాం. 'ఎస్ మినిస్టర్' 1980 నుంచి 1984 దాకా బీబీసీలో వచ్చింది. ఆంటనీ జే, జోనథన్ లిన్ ఇద్దరే రాశారు. జిమ్ హ్యాకర్ అనే మంత్రి, సర్ హంఫ్రీ అనే శాఖాధిపతి, వాళ్లిద్దరి మధ్య నలిగే బెర్నార్డ్ అనే ప్రైవేటు కార్యదర్శి. ఒక ఎపిసోడ్‌లో కొత్త ఆసుపత్రి ఒకటి ఉంటుంది. అందులో అయిదు వందల మందికి పైగా పరిపాలనా సిబ్బంది ఉంటారు. రోగి ఒక్కడూ ఉండడు. మంత్రి ఆశ్చర్యపోతాడు. అధికారులు మాత్రం ఆసుపత్రి ఎంత బాగా నడుస్తోందో ఓపికగా వివరిస్తారు. పరిశుభ్రతలో దానికి మంచి పేరు కూడా వచ్చి ఉంటుంది.

ఇక్కడ నవ్వు ఎలా పుడుతోందో గమనించండి. ఎవరూ వెకిలిగా ప్రవర్తించరు. జారిపడరు. ప్రతి అధికారీ తన మాట పూర్తిగా న్యాయమని నమ్మి మాట్లాడతాడు. మొదటి మెట్టు ఒప్పుకుంటే రెండోది ఒప్పుకోవాలి, రెండోది ఒప్పుకుంటే మూడోది. అలా తర్కం మెట్టు మెట్టుగా ఎక్కి అసంబద్ధతకు చేరుతుంది. ఫైలు, నోటింగు, 'పై నుంచి ఆర్డరు' అనే మాటల మధ్య ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసినవారికి ఇది పరాయి దేశపు కథగా అనిపించదు. మన కార్యాలయ వ్యవస్థకు పునాది వేసినవాళ్లే తమ కార్యాలయాన్ని చూసి నవ్వుకుంటున్నారు. అందుకే ఈ ధారావాహిక భారతదేశంలో అంత బాగా అతికిందని నేను అనుకుంటాను.

ఇంకో రకం ఉంది. అక్కడ తర్కం కూడా ఉండదు. 1969 అక్టోబరులో మొదలైన 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్'లో ఒక స్కెచ్ (చిన్న హాస్య సన్నివేశం) ముగింపు లేకుండానే ఆగిపోతుంది. ఒక పాత్ర లేచి వెళ్లిపోతుంది, లేదా బొమ్మల కత్తిరింపులతో చేసిన యానిమేషన్ వచ్చి దాన్ని తొక్కేస్తుంది. ఈ ధోరణికి ముందు దారి వేసినవాడు స్పైక్ మిలిగన్. ఆయన 1918లో అహ్మద్‌నగర్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఉద్యోగి. బాల్యం పూనాలో, రంగూన్‌లో గడిచింది. 1951 నుంచి 1960 దాకా బీబీసీ రేడియోలో నడిచిన 'ద గూన్ షో'కు ప్రధాన రచయిత ఆయనే. పైథాన్ బృందం మీద ఆయన ప్రభావాన్ని వాళ్లే చెప్పుకున్నారు. కంటోన్మెంటు కవాతులు, హోదాలు, వాటి లోపలి అర్థంలేనితనం చూస్తూ పెరిగిన పిల్లవాడు ఇంగ్లీషు హాస్యాన్ని మార్చేశాడన్నది సైనిక్‌పురి పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగ్గ విషయం.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. తెలుగులో సిట్‌కామ్ (ఒకే స్థలం, అవే పాత్రలు, ప్రతివారం కొత్త చిక్కు ఉండే హాస్య ధారావాహిక) అంటే ముందు గుర్తొచ్చేది 'అమృతం'. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా మూడు వందలకు పైగా ఎపిసోడ్లు వచ్చాయి. నడవని హోటలు, ఫలించని పథకాలు, పట్టు వదలని అమృతం, ఆంజనేయులు. 'ఫాల్టీ టవర్స్' కూడా నడవని హోటలు కథే. టార్కీ పట్టణంలో పైథాన్ బృందం దిగిన ఒక హోటలు, అక్కడి మర్యాద తెలియని యజమాని, ఇవే దానికి ఆధారం. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు. 1975లో ఆరు ఎపిసోడ్లు, 1979లో ఆరు. మొత్తం పన్నెండు. అంతటితో ఆపేశారు.

ఈ తేడా రచయితల ఓపికలోంచి రాలేదు. డబ్బు వచ్చే దారిలోంచి వచ్చింది. మన ఛానెళ్లు ప్రకటనల మీద బతుకుతాయి. ప్రకటనకు ప్రతివారం అదే సమయంలో అదే ప్రేక్షకుడు కావాలి. అందుకే ధారావాహిక ఆగకూడదు. బీబీసీ మాత్రం టీవీ ఉన్న ప్రతి ఇంటి నుంచి వచ్చే లైసెన్సు రుసుముతో నడుస్తుంది. ఆరు వారాలకు ఆరు ఎపిసోడ్లు చాలు. ఒకరిద్దరు రచయితలు కూర్చుని మొత్తం తామే రాయగలరు. పదిమంది కలిసి రాస్తే సగటు రుచి వస్తుంది. ఇద్దరే రాస్తే వాళ్ల పిచ్చి అలాగే మిగులుతుంది. పుస్తకాల కొట్టు యజమానికి కొనేవాళ్లంటే అసహ్యం అనే ఒక్క ఊహ మీద నడిచే 'బ్లాక్ బుక్స్' మొత్తం 18 ఎపిసోడ్లు. మారుమూల దీవిలోని ముగ్గురు క్రైస్తవ ఫాదర్ల కథ 'ఫాదర్ టెడ్' 25. ఇవి రెండూ ఛానెల్ 4లో వచ్చాయి. అది ప్రకటనలతో నడిచేదే అయినా, కొత్త ప్రయోగాలు చేయడం దాని మీద చట్టం పెట్టిన బాధ్యత. రికీ జర్వేస్ 'ద ఆఫీస్' ప్రత్యేక ఎపిసోడ్లతో కలిపి 14.

అరగంట చొప్పున ఆరు ఎపిసోడ్లంటే మూడు గంటలు. అది ఒకటి రెండు డీవీడీల్లో పట్టేస్తుంది. ఒక శని, ఆదివారాల్లో పూర్తవుతుంది. అద్దె డిస్కుకు ఇంతకన్నా సరిపోయే కొలత ఇంకొకటి లేదు.

డీవీడీ ఇంకో సాయం కూడా చేసింది. బధిరుల కోసం కింద అక్షరాల్లో సంభాషణ చూపే సౌకర్యం చాలా డిస్కుల్లో ఉంటుంది. గ్లాస్గో యాస, ఐరిష్ యాస, వేగంగా నమిలేసే మాటలు మన చెవికి అందవు. అక్షరాలు పెట్టుకుంటే అందుతాయి. వెనక్కి తిప్పి మళ్లీ చూడవచ్చు. టీవీలో ఒక్కసారి వచ్చి పోయే ప్రసారంలో ఈ రెండూ లేవు. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా ఈ హాస్యం పూర్తిగా దక్కింది డిస్కులతోనే.

ఇక తపాలా సంగతి. డీవీడీ అమెరికా మార్కెట్లోకి 1997 మార్చిలో వచ్చింది. 12 సెంటీమీటర్ల వ్యాసం, మిల్లీమీటరు పైచిలుకు మందం. అంతకుముందున్న వీడియో క్యాసెట్ లావుగా, బరువుగా ఉండేది, పంపడానికి ఖర్చెక్కువ. డిస్కు మామూలు ఉత్తరం కవర్లో పడుతుంది. ఉత్తరం ఖర్చుతోనే వెళ్తుంది. రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ ఒక సీడీని కవర్లో పెట్టి హేస్టింగ్స్ ఇంటికే పోస్టు చేసి చూశారు. విరక్కుండా చేరింది. 1998 ఏప్రిల్ 14న 925 డిస్కుల పట్టికతో నెట్‌ఫ్లిక్స్ మొదలైంది.

1999లో నెలవారీ చందా పెట్టారు. దానితో ఆలస్య రుసుము పోయింది. చందాదారు తనకు కావలసినవి వరుసగా ఒక జాబితాలో రాసి పెట్టుకుంటాడు. చేతిలో ఉన్నది తిరిగి పంపితే జాబితాలో తర్వాతిది బయలుదేరుతుంది. ఎన్నాళ్లు ఉంచుకున్నా జరిమానా లేదు. ఇది ఉదారత లాగా కనిపిస్తుంది గానీ దీనిలో లెక్క ఉంది. కంపెనీకి ఖర్చయ్యేది డిస్కు కదిలినప్పుడే. నెమ్మదిగా చూసేవాడి వల్ల నష్టం లేదు.

ఈ పద్ధతి అరుదైన హాస్యానికి ఎందుకు కలిసొచ్చింది? వీధి చివర వీడియో షాపు సంగతి ఆలోచించండి. 'బ్లాక్ బుక్స్' అడిగేవాళ్లు ఆ కాలనీలో ఇద్దరు. వాళ్లు ఒకసారి చూశాక ఆ డిస్కు బీరువాలో పడి ఉంటుంది. అందుకే షాపువాడు దాన్ని తేడు. అతని తప్పేమీ లేదు. ఇప్పుడు వంద కాలనీలకు ఒకే గోదాము ఉందనుకుందాం. కాలనీకి ఇద్దరు చొప్పున రెండు వందల మంది. నాలుగు కాపీలు కొన్నా అవి ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. చెదురుగా ఉన్న ఆసక్తి ఒకచోట కూడితే గిట్టుబాటు అవుతుంది. నెట్‌ఫ్లిక్స్ డిస్కుల పట్టిక చివరికి దాదాపు లక్ష శీర్షికలకు పెరగడానికి కారణం ఇదే. మొత్తం 25 ఏళ్లలో అది పంపిన డిస్కులు 520 కోట్లకు పైమాటే.

అమెరికా చట్టం కూడా దారి ఇచ్చింది. అక్కడ సినిమా డిస్కును న్యాయంగా కొన్నవాడు దాన్ని అమ్మవచ్చు, అద్దెకివ్వవచ్చు. హక్కుదారు అనుమతి మళ్లీ అక్కర్లేదు. దీన్ని 'మొదటి అమ్మకం' సూత్రం (ఒకసారి అమ్మిన కాపీ మీద హక్కుదారు పట్టు ముగుస్తుందనే నియమం) అంటారు.

మన దగ్గర ఈ రెండు ఆధారాలూ బలహీనం. ముందు రవాణా చూద్దాం. 2000ల మధ్యలో బెంగళూరులో మొదలైన సెవెంటీఎంఎం, 2008లో రిలయన్స్ తెచ్చిన బిగ్‌ఫ్లిక్స్ హైదరాబాదులోనూ ఈ సేవ నడిపాయి. ఇంటర్నెట్‌లో జాబితా పెట్టుకోవాలి. డెలివరీ బాయ్ కొత్త డిస్కు ఇచ్చి పాతది పట్టుకెళ్తాడు. అమెరికాలో పోస్టుమ్యాన్ ఎలాగూ ప్రతి ఇంటికీ వస్తాడు, డిస్కు అతని సంచిలో ఇంకో కవరు మాత్రమే. ఇక్కడ ఒక్కో మార్పిడికి ఒక మనిషి, ఒక బండి, పెట్రోలు. ఊరికి ఈ కొసన ఉన్న సైనిక్‌పురిలో ఒక ఇల్లు, ఆ కొసన బంజారాహిల్స్‌లో ఒక ఇల్లు అయితే ఖర్చు ఇంకా పెరుగుతుంది. అరుదైనవి కోరేవాళ్లు చెదురుగా ఉంటారని ముందే అనుకున్నాం. గోదాములో లాభంగా మారిన ఆ చెదురుతనమే రోడ్డు మీద నష్టమైంది.

చట్టం సంగతి ఇంకా గట్టిది. 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్‌లో, సినిమా కాపీని అమ్మే హక్కు, అద్దెకిచ్చే హక్కు యజమానివే అని ఉండేది. ఆ కాపీ అంతకుముందు అమ్ముడైనా సరే. అంటే కొన్నంత మాత్రాన అద్దెకిచ్చే అధికారం రాదు. ఢిల్లీలో సినిమా పారడీసో అనే వీడియో లైబ్రరీ అమెరికాలో న్యాయంగా కొన్న డిస్కులను ఇక్కడ అద్దెకిచ్చింది. వార్నర్ బ్రదర్స్ కోర్టుకెక్కింది. డబ్బు చెల్లించి కొన్నవే కదా అని లైబ్రరీ వాదించింది. 2009 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

దీని పర్యవసానం అరుదైన హాస్యం మీద ఎలా పడిందో చూడండి. అద్దె కంపెనీ ఇక్కడి అనుమతి ఉన్న డిస్కులే ఇవ్వాలి. ఇక్కడ అమ్మకం ఉంటుందని నమ్మినవే ఇక్కడ విడుదలవుతాయి. ఇద్దరు ముగ్గురు అడిగేవి విడుదల కావు. విదేశం నుంచి తెచ్చి అద్దెకిస్తే చట్టం ఒప్పుకోదు. అంటే షాపువాడి బీరువాలో ఉన్న అడ్డంకే ఇంకో రూపంలో గోదాము గుమ్మం దగ్గర నిలబడింది.

మూడో దెబ్బ ధర నుంచి తగిలింది. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. మామూలు ప్రేక్షకుడికి అది శుభవార్తే. కానీ అంత ధరకు సినిమా సొంతమవుతుంటే నెల చందా కట్టి అద్దెకు తెచ్చుకునేదెవరు? అద్దె కంపెనీల ఆదాయం జనాదరణ ఉన్న సినిమాల మీదే నిలబడేది. అది జారితే అరుదైనవి కొనడానికి డబ్బు ఎక్కడిది? ఆ తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఇక్కడ అడుగుపెట్టింది, కవరు లేకుండా.

స్ట్రీమింగ్ (డిస్కు లేకుండా ఇంటర్నెట్ నుంచి నేరుగా చూడటం) వచ్చాక ఈ చిక్కులన్నీ తీరాయని చాలామంది అనుకుంటారు. రవాణా చిక్కు తీరింది, నిజమే. హక్కుల చిక్కు మాత్రం ముదిరింది. డిస్కును కొంటే అది కొన్నవాడిదే. స్ట్రీమింగ్ కంపెనీ కొనేది కొన్నేళ్ల అనుమతి. గడువు ముగిస్తే ధారావాహిక జాబితాలోంచి తొలగిపోతుంది. కంపెనీ మనసు మారినా అంతే. 2020 జూన్‌లో తెల్ల నటులు ముఖాలకు రంగు పూసుకుని వేసిన పాత్రల మీద చర్చ రేగినప్పుడు నెట్‌ఫ్లిక్స్ 'ద లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్', 'ద మైటీ బూష్' అనే బ్రిటిష్ హాస్య ధారావాహికలను తీసేసింది. 'లిటిల్ బ్రిటన్'ను బీబీసీ తన ఇంటర్నెట్ వేదిక నుంచి తప్పించింది.

ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. 'ఇట్ ఐన్ట్ హాఫ్ హాట్ మమ్' అనే ధారావాహిక 1974 నుంచి 1981 దాకా వచ్చింది. 1945లో దేవ్‌లాలీలో ఉన్న రాయల్ ఆర్టిలరీ వినోద బృందం దాని కథ. రాసిన ఇద్దరిలో జిమ్మీ పెర్రీ ఆ రోజుల్లో అలాంటి బృందంలో పనిచేసినవాడే. అందులో రంగీ రామ్ అనే భారతీయుడి పాత్ర వేసింది మైకేల్ బేట్స్ అనే తెల్ల నటుడు. మన శతఘ్ని దళం అధికారులు శిక్షణ పొందేది అదే దేవ్‌లాలీలో. అక్కడ శిక్షణ పొంది రిటైరైన అధికారి ఈ ధారావాహిక చూస్తే ఏమనుకుంటాడు? కొంత కోపం రావచ్చు. కొంత నవ్వూ రావచ్చు. ఆ తీర్పు చెప్పే అర్హత ఆయనకు అందరికన్నా ఎక్కువ ఉంది. చూడటానికి దొరికితేనే ఆ తీర్పు సాధ్యం. బీబీసీ దీన్ని మళ్లీ ప్రసారం చేయడం మానేసింది. డిస్కు మాత్రం ఉంది.

కాబట్టి ఇళ్లలో ఉన్న పాత డిస్కులను పారేసే ముందు కొంచెం ఆగాలి. ఇక్కడ రెండు సాంకేతిక విషయాలు తెలియాలి. చాలా డీవీడీలకు ప్రాంత సంఖ్య (ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే గుర్తు) ఉంటుంది. అమెరికా 1, బ్రిటన్ 2, భారత్ 5. లండన్ నుంచి బంధువు తెచ్చిన డిస్కు మన ప్లేయరులో ఆడకపోతే కారణం సాధారణంగా ఇదే. అన్ని ప్రాంతాలవీ ఆడించే ప్లేయరు ఉంటే ఇబ్బంది లేదు. బొమ్మ ప్రమాణంలో మాత్రం బ్రిటన్, మనం ఒకటే. రెండు దేశాలదీ పాల్ పద్ధతి (సెకనుకు 25 ఫ్రేములు). అమెరికా డిస్కుది వేరు. డిస్కు మురికి పడితే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత డేటా వెంబడే పడుతుంది.

మొదలుపెట్టేవారికి నా సలహా: 'ఎస్ మినిస్టర్' ముందు, కింద అక్షరాలు పెట్టుకుని. తర్వాత 'ఫాల్టీ టవర్స్'. ఆ తర్వాత 'బ్లాక్ బుక్స్', 'ఫాదర్ టెడ్'. పైథాన్ చివరికి ఉంచండి. అది టీవీ కార్యక్రమాల పద్ధతులనే ఎగతాళి చేస్తుంది. ఆ పద్ధతులతో కాస్త పరిచయం అయ్యాక చూస్తే ఎక్కువ దక్కుతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు 'అద్దె' అనే చోట 'వాణిజ్యపరమైన అద్దె' అని మార్చారు. లాభాపేక్ష లేని లైబ్రరీ, లేదా విద్యాసంస్థ, న్యాయంగా సంపాదించిన సినిమా కాపీని లాభం కోసం కాకుండా ఎరువిస్తే అది వాణిజ్యపరమైన అద్దె కిందికి రాదని అదే సవరణలో చేర్చారు. అలాంటి లైబ్రరీ, విద్యాసంస్థ అంటే ప్రభుత్వ గ్రాంటు పొందేది, లేదా ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్నది. హైదరాబాదులోని బ్రిటిష్ లైబ్రరీ పుస్తకాలతో పాటు డీవీడీలూ సభ్యులకు ఇచ్చిన సంగతి పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. అర్హత ఉన్న ఏ లైబ్రరీ అయినా, ఏ కళాశాల అయినా ఈ పని చేయవచ్చు. సైనిక్‌పురి, వాయుపురి, నేరేడ్‌మెట్ ఇళ్లలోని డిస్కులను అలాంటి ఒక చోటికి చేర్చి, ఒక్కో అట్ట మీద ప్రాంత సంఖ్య, కింద అక్షరాలు ఉన్నదీ లేనిదీ రాసి పట్టిక వేస్తే చాలు. వంద కాలనీల గోదాము అక్కర్లేదు. నాలుగు కాలనీలు, ఒక పట్టికతో మొదలుపెట్టవచ్చు.